విపత్తులో అధికారులు బండి, ఇల్లు తీసుకుంటే పరిహారం: చెన్నైలో దరఖాస్తు విధానం

2015 డిసెంబరు వరదల్లో, 2023 మిచౌంగ్ తుపానులో చెన్నై మునిగింది. అలాంటి రోజుల్లో అధికారులకు బండ్లు కావాలి, జనం తలదాచుకోవడానికి భవనాలు కావాలి. మాధవరం, కొడుంగయ్యూరు వైపు వ్యాన్లు నడుపుకునే మన తెలుగువారు ఒక మాట గట్టిగా పట్టుకోవాలి: రాతలో ఉన్నదే ఉత్తర్వు.

2005 విపత్తు నిర్వహణ చట్టం 65వ సెక్షన్ కింద మన ఆస్తిని స్వాధీనం చేసుకోగలది జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ, రాష్ట్ర, కేంద్ర కార్యనిర్వాహక సంఘాలు, లేదా అవి అధికారమిచ్చిన అధికారి. జిల్లా సంస్థకు కలెక్టరు అధ్యక్షులు. స్థానిక సంస్థ తరఫున ఎన్నికైన ప్రతినిధి సహాధ్యక్షులు. కౌన్సిలరు వచ్చి తాళం అడిగితే ఇవ్వడం మీ మంచితనం, ఆపదలో ఇవ్వవలసిందే అంటాను. కానీ అంతమాత్రాన పరిహారం హక్కు పుట్టదు. రాతపూర్వక ఉత్తర్వు వచ్చాక మాత్రం దాన్ని పాటించకపోతే 57వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు.

బండి అప్పగించేటప్పుడే ఉత్తర్వు నకలు, తేదీ, సమయం, తీసుకున్నవారి పేరు, హోదా, సంతకం తీసుకోండి. మీటరు అంకె, డీజిలు మట్టం, నాలుగు వైపులా బండి ఫొటోలు తీసి ఉంచండి. తిరిగి తీసుకునేటప్పుడూ ఇంతే జాగ్రత్త పడాలి. చాలామంది నష్టపోయేది ఇక్కడే.

దరఖాస్తును ఉత్తర్వు ఇచ్చినవారికే రాయాలి. కలెక్టరు ఇచ్చినదైతే రాజాజీ సాలైలోని కార్యాలయంలో ఇవ్వండి. సోమవారం ప్రజా ఫిర్యాదుల దినం. తమిళంలో రాయించుకుంటే పని సులువు. ఉత్తర్వు నకలు, ఆర్‌సీ లేదా ఇంటి పత్రాలు, బ్యాంకు ఖాతా వివరాలు జతచేసి, మీ నకలు మీద ముద్ర వేయించుకోండి.

బండికి ఆ ప్రాంతంలో నడుస్తున్న కిరాయి రేటును, భవనానికి అక్కడి అద్దెను లెక్కిస్తారు. ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే ఆ ఖర్చునూ చూస్తారు. బండి వాయిదాల కొనుగోలు ఒప్పందం మీద మీ చేతిలో ఉంటే, ఆ సొమ్ము మీకూ యజమానికీ పంచాల్సి ఉంటుంది.

లెక్క తక్కువనిపిస్తే మధ్యవర్తికి పంపమని రాష్ట్ర ప్రభుత్వానికి రాయాలి. భవనాలకు గడువు 30 రోజులు. బండ్ల గడువు నియమాల్లో ఉంటుంది కనుక లెక్క చేతికొచ్చిన వారంలోనే రాసేయండి. ఈ చట్టం కింది చర్యలపై 71వ సెక్షన్ ప్రకారం హైకోర్టు, సుప్రీంకోర్టు తప్ప మరో కోర్టు దావా వినదు.