మూలన పడున్న ఇంజన్ స్టార్ట్ అవ్వట్లేదా? ముందు పాత పెట్రోల్ తీసేయండి

గడ్డి కోసే మెషీనో, చిన్న జనరేటరో నాలుగైదు నెలలు వాడకుండా ఉంచి ఇప్పుడు స్టార్ట్ అవ్వట్లేదంటే, తాడు లాగి లాగి భుజం నొప్పి తెచ్చుకోకండి. ముందు ట్యాంక్ మూత తీసి వాసన చూడండి, పెట్రోల్ ఘాటు పోయి పాత వార్నిష్‌లా పుల్లగా కొడుతోందంటే అది చెడిపోయినట్టే. దాని మీదే కొత్తది పోస్తే లాభం లేదు, మొత్తం తీసేయాల్సిందే (ఆరుబయట, దగ్గర్లో నిప్పు లేకుండా).

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అసలు సమస్య పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌లోకి పంపే కార్బురేటర్‌లో ఉంటుంది. దాని కింద చిన్న గిన్నె ఉంటుంది, బోల్టు విప్పి చూస్తే అడుగున పసుపు రంగు జిగురో, ఇథనాల్ కలిసిన పెట్రోలైతే నీటి బొట్లో కనిపిస్తాయి. పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం ఉన్న లోపలి జెట్‌ని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి, రంధ్రంలోంచి వెలుగు రాకపోతే మూసుకుపోయినట్టు. కార్బురేటర్ క్లీనర్ కొట్టి, సన్నటి రాగి తీగ పోగుతో అడ్డుపడింది మెల్లగా తీయండి, గుండుసూది మాత్రం వద్దు, రంధ్రం పెద్దదైపోతుంది.

స్పార్క్ ప్లగ్ కూడా తుడిచి బిగించి, తాజా పెట్రోల్ పోసి, చోక్ వేసి లాగండి. ఈసారి పక్కన పెట్టేముందు ట్యాంక్ నుంచి పెట్రోల్ రాకుండా ఆపే ఫ్యూయల్ కాక్ మూసేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి.