లినక్స్‌లో వేలిముద్ర పడటం లేదా? ముందు సెన్సార్ చిప్ సంగతి చూడండి

పామ్ (లాగిన్‌ను నడిపే భాగం) ఫైళ్ల జోలికి వెళ్లే ముందు టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ (lsusb) కొట్టండి. యూఎస్‌బీ పరికరాల జాబితా వస్తుంది. అందులో కోలన్‌కు ముందుండే నంబరు తయారీ కంపెనీది. 27సీ6 గుడిక్స్‌ది, 06సీబీ సినాప్టిక్స్‌ది, 04ఎఫ్3 ఎలాన్‌ది (ఎలాన్ టచ్‌స్క్రీన్ కూడా ఇదే నంబరుతో కనిపిస్తుంది, పొరబడకండి). కోలన్ తర్వాతి నాలుగు అక్షరాలతో కలిపి ఆ నంబరు, లినక్స్‌లో వేలిముద్ర సెన్సార్లను నడిపే లిబ్‌ఎఫ్‌ప్రింట్ సపోర్ట్ జాబితాలో ఉండాలి. లేకపోతే మామూలు ప్యాకేజీలు ఎన్ని వేసినా సాధారణంగా లాభం ఉండదు. నిమిషం పట్టే ఈ పని వదిలేసి రోజంతా పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

‘వేలు తీసి మళ్లీ పెట్టండి’ అని అడుగుతూనే ఉంది

తడి చెయ్యి. రొయ్యల చెరువులో దిగి వచ్చిన వేలి కొస ముడతలు పడి, గీతలు చెదిరి ఉంటుంది. పొడిగుడ్డతో చేతినీ సెన్సార్‌నీ తుడవండి. చర్మం సాపయ్యాక, పనిలో తక్కువ అరిగే ఎడమచేతి వేలు ఎక్కించండి.

ఎన్‌రోల్ (వేలు ఎక్కించడం) మొదలవుతుంది, వెంటనే ఆగిపోతుంది

అందరినీ ఏడిపించేది ఇదే. ‘ఎన్‌రోల్-డూప్లికేట్’ (ఈ వేలు ఇప్పటికే ఉంది) అనో ‘ఎన్‌రోల్-డేటా-ఫుల్’ (చోటు లేదు) అనో వస్తుంది. వేలిముద్రల సర్వీస్ అయిన ఎఫ్‌ప్రింట్‌డీని అడిగే ‘ఎఫ్‌ప్రింట్‌డీ-లిస్ట్’ కొడితే మాత్రం ఒక్క వేలూ ఉండదు. ఇప్పటి సెన్సార్లలో చాలావాటికి ముద్ర డిస్కులో కాదు, చిప్‌లోనే ఉంటుంది. విండోస్ తీసేసి డిస్క్ మొత్తం ఫార్మాట్ కొట్టినా అది చెరగదు. భీమవరంలోనో అమలాపురంలోనో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే, పాత యజమాని వేళ్లు ఇంకా అందులోనే ఉండొచ్చు. ‘ఎఫ్‌ప్రింట్‌డీ-డిలీట్’ తనకు తెలిసిన ముద్రల్నే తీస్తుంది, వీటి ఊసు దానికి తెలియదు. ఎఫ్‌ప్రింట్‌డీ కొత్త వెర్షన్లు కొంతవరకు తామే శుభ్రం చేసుకుంటాయి గానీ, అన్ని సెన్సార్ల దగ్గరా కుదరదు.

విండోస్ ఇంకా ఉంటే సెట్టింగ్స్‌లో సైన్-ఇన్ ఆప్షన్స్‌కి వెళ్లి అక్కడి వేలిముద్రలు తీసేయండి. లేకపోతే బయోస్‌లోకి (ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగ్స్) వెళ్లండి. థింక్‌ప్యాడ్‌లలో సెక్యూరిటీ కింద ఫింగర్‌ప్రింట్ మెనూలో ‘రీసెట్ ఫింగర్‌ప్రింట్ డేటా’ ఉంటుంది. అది నొక్కి, సేవ్ చేసి, లినక్స్‌లో మళ్లీ ‘ఎఫ్‌ప్రింట్‌డీ-ఎన్‌రోల్’ కొట్టండి. ఆ తర్వాత ‘ఎఫ్‌ప్రింట్‌డీ-వెరిఫై’తో తప్పకుండా సరిచూడండి. డ్యూయల్ బూట్ (విండోస్, లినక్స్ రెండూ) ఉన్నవాళ్లు విండోస్‌లోనూ వేలు మళ్లీ ఎక్కించుకోవాలి.

వెరిఫై అవుతుంది, లాగిన్‌లో వేలు అడగదు

ఉబుంటు, డెబియన్‌లలో ‘లిబ్‌పామ్-ఎఫ్‌ప్రింట్‌డీ’ వేసి, సుడోతో (అడ్మిన్ హక్కులతో) ‘పామ్-ఆథ్-అప్‌డేట్’ తెరిచి ఫింగర్‌ప్రింట్ దగ్గర స్పేస్ కొట్టి టిక్ పెట్టండి. ఫెడోరాలో ఈ పని ‘ఆథ్‌సెలెక్ట్’ది. వేలితో లాగిన్ అయ్యాక కీరింగ్ (దాచిన పాస్‌వర్డ్‌ల పెట్టె) పాస్‌వర్డ్ అడగడం లోపం కాదు. అది తెరుచుకోవడానికి పాస్‌వర్డే కావాలి.

స్లీప్ నుంచి లేచాక సెన్సార్ పలకకపోతే ఎఫ్‌ప్రింట్‌డీ సర్వీస్ రీస్టార్ట్ చేసి చూడండి.