సివిల్ 3డీ కొత్త వెర్షన్‌లో పాత టూల్స్ కనిపించకపోతే

రోడ్ల డిజైన్‌కి వాడే సివిల్ 3డీ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసిన మర్నాడు ఆఫీసులో మొదట వినిపించేది "టూల్‌స్పేస్ ఏదీ?" అనే ప్రశ్నే. కాసేపటికి లిస్ప్‌లు (ఆఫీసులో రాసుకున్న చిన్న ప్రోగ్రాములు) పలకడం లేదంటారు, డ్రెయిన్ పీకేటీ (రోడ్డు అడ్డుకోతలో డ్రెయిన్ ముక్క ఉండే ఫైలు) దొరకడం లేదంటారు, క్రాస్ సెక్షన్ టేబుల్ వేసే బటన్ ఎగిరిపోయిందంటారు. వీటిలో నిజంగా పోయినవి తక్కువ. కొత్త వెర్షన్ పాతదాన్ని చెరిపి దాని మీద కూర్చోదు. పక్కనే వేరే ఫోల్డర్లు, వేరే ప్రొఫైల్ పెట్టుకుంటుంది. ఏళ్లుగా మీరు పోగేసుకున్నవన్నీ పాత ఫోల్డర్లలోనే పడి ఉంటాయి. పాత వెర్షన్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయకుండా ఉంటే సగం పని అయినట్టే.

ఇక్కడ కమాండ్ల పేర్లు తెలుగులో రాశాం. కీబోర్డు మీద వాటిని ఇంగ్లిష్ అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి.

ముందు ఏ ఐకాన్ నొక్కారో చూడండి

సివిల్ 3డీ ఇన్‌స్టాల్ చేస్తే మెట్రిక్, ఇంపీరియల్ అని రెండు ఐకాన్లు వస్తాయి. స్టార్ట్ మెనూలో ఉత్త ఆటోక్యాడ్‌లా తెరుచుకునేది ఇంకొకటి ఉంటుంది. "టూల్స్ అన్నీ పోయాయి" అన్నచోట చాలాసార్లు జరిగేది ఈ మూడోది తెరవడమే. ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చూడండి. స్లాష్ పీ తర్వాత సీ3డీ అండర్‌స్కోర్ మెట్రిక్ అని ప్రొఫైల్ పేరు ఉండాలి. ఇంపీరియల్ ఉంటే టూల్స్ అన్నీ కనిపిస్తాయి గానీ కొత్త డ్రాయింగ్ అడుగుల్లో మొదలవుతుంది. దాని సంగతి కింద చెబుతాం.

ఐకాన్ సరైనదే అయితే ఈ వరుసలో వెళ్లండి. రిబ్బన్ లేకపోతే రిబ్బన్ అని కొట్టి ఎంటర్. రిబ్బన్ ఉండి ట్యాబులు తక్కువైతే డబ్ల్యూఎస్‌కరెంట్ కొట్టి, విలువగా సివిల్ 3డీ ఇవ్వండి. ఎవరో ప్లానింగ్ అండ్ అనాలిసిస్ వర్క్‌స్పేస్‌లోకి మార్చి వదిలేసి ఉంటారు. టూల్‌స్పేస్, అంటే డ్రాయింగ్‌లోని సివిల్ వస్తువుల జాబితా చూపే ప్యానెల్, కోసం షోటీఎస్. పైన పాత డ్రాప్‌డౌన్ మెనూలు కావాలంటే మెనూబార్ విలువ 1. కమాండ్ లైన్ మాయమైతే కంట్రోల్ 9, స్క్రీన్ మొత్తం బోసిపోతే కంట్రోల్ 0, సబ్‌అసెంబ్లీల (రోడ్డు అడ్డుకోత ముక్కల) ప్యాలెట్ కోసం కంట్రోల్ 3. ప్యాలెట్ తెరుచుకున్నా లేన్, షోల్డర్, డేలైట్ లేకపోతే దాని టైటిల్ పట్టీ మీద రైట్ క్లిక్ చేసి సివిల్ మెట్రిక్ సబ్‌అసెంబ్లీల గుంపును ఎంచుకోవాలి.

అలైన్‌మెంట్‌ని (రోడ్డు మధ్యగీతని) ఎంచుకుంటే రావాల్సిన ట్యాబ్ రాలేదంటే ఎన్ని వస్తువులు సెలెక్ట్ అయ్యాయో చూడండి. రిబ్బన్‌కాంటెక్స్ట్‌సెల్‌లిమ్ అనే వేరియబుల్ డిఫాల్ట్‌గా 2500 ఉంటుంది, అంతకు మించి సెలెక్ట్ చేస్తే ఆ ట్యాబ్ రాదు. సర్వే పాయింట్ల మీద విండో వేసి లాగేవాళ్లకు ఇది మామూలే. ఇక ఆటోక్యాడ్ క్లాసిక్ వర్క్‌స్పేస్ కోసం మాత్రం వెతక్కండి. దాన్ని 2015 వెర్షన్‌లోనే తీసేశారు. అమీర్‌పేటలో ఎప్పుడో నేర్చుకున్న టూల్‌బార్లు మళ్లీ కావాలంటే మెనూబార్ తెప్పించుకుని, టూల్స్ మెనూలోని టూల్‌బార్స్ కింద ఒక్కొక్కటీ పెట్టుకోవచ్చు.

సొంత బటన్లు, షార్ట్‌కట్లు

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పాత సపోర్ట్ ఫోల్డర్‌లోని సీ3డీ సీయూఐఎక్స్ ఫైలును (బటన్లు, మెనూల అమరిక ఉండేది) తెచ్చి కొత్తదాని మీద పేస్ట్ చేయడం. పాత బటన్లు వస్తాయి నిజమే. కొత్త వెర్షన్ ఇచ్చిన కమాండ్ల బటన్లు మాత్రం ఉండవు, కొన్ని ప్యానెళ్లు ఖాళీగా మిగులుతాయి. నెల తర్వాత ఆ టూల్ ఎందుకు లేదో ఎవరికీ అర్థం కాదు.

దీనికి పద్ధతి ఇది. కొత్త వెర్షన్‌లో సీయూఐ కొట్టండి. పైన ట్రాన్స్‌ఫర్ ట్యాబ్ ఉంటుంది. ఒక వైపు పాత ఫైలు తెరిచి, మరో వైపు ఆఫీసు పేరుతో కొత్త ఖాళీ ఫైలు పెట్టి, మీరు తయారుచేసుకున్న టూల్‌బార్లు, ప్యానెళ్లు మాత్రమే ఇటు లాగి సేవ్ చేయండి. తర్వాత సీయూఐలోడ్‌తో దాన్ని పార్షియల్ ఫైలుగా లోడ్ చేయండి. సర్వర్‌లో ఒకచోట ఉంచితే వచ్చే ఏడాది మళ్లీ ఈ తంతు ఉండదు, లోడ్ చేస్తే చాలు. బటన్ వచ్చింది గానీ బొమ్మ స్థానంలో ప్రశ్నార్థకం కనిపిస్తే ఐకాన్ బొమ్మల ఫైళ్లు పాత ఫోల్డర్‌లో ఉండిపోయాయన్నమాట. ఆ ఫోల్డర్‌ని ఆప్షన్స్‌లోని ఫైల్స్ ట్యాబ్‌లో సపోర్ట్ పాత్‌కి చేర్చండి.

షార్ట్‌కట్ అక్షరాలు ఏక్యాడ్ పీజీపీ ఫైలులో ఉంటాయి. అది యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, రోమింగ్, ఆటోడెస్క్, ఆ ఏడాది సీ3డీ, ఈఎన్‌యూ, సపోర్ట్ అనే వరుసలో దొరుకుతుంది. పూర్తి ఫైలు మార్చకుండా మీరు చేర్చుకున్న వరుసల్ని కొత్త ఫైలు చివర అతికించి రీఇనిట్ కొట్టండి. ఒకే అక్షరానికి రెండు అర్థాలుంటే చివరి వరుసే చెల్లుతుంది. ప్లాటర్లు, ప్రింట్‌లో గీతల మందం చెప్పే సీటీబీ ఫైళ్లు ఆ పక్క ఫోల్డర్లలోనే ఉంటాయి, కాపీ చేస్తే పనిచేస్తాయి.

లిస్ప్‌లు, డీఎల్‌ఎల్‌లు

మామూలు లిస్ప్ ఫైలు వెర్షన్ మారినా చాలావరకు పనిచేస్తుంది. అది లోడ్ కాకపోవడానికి కారణం ఎక్కువగా భద్రత. సెక్యూర్‌లోడ్ 1 గా ఉంటే నమ్మిన ఫోల్డర్లలో లేని ఫైలుకు ప్రతిసారీ అనుమతి అడుగుతుంది, 2 గా ఉంటే అసలు లోడ్ చేయదు. లిస్ప్‌ల సర్వర్ ఫోల్డర్‌ని ట్రస్టెడ్‌పాత్స్‌లో చేర్చి, యాప్‌లోడ్‌లోని స్టార్టప్ సూట్‌లో ఫైళ్లు పెట్టండి. సెక్యూర్‌లోడ్‌ని 0 చేసి చేతులు దులుపుకోకండి. ఏక్యాడ్‌డాక్ ఎల్‌ఎస్‌పీ అనే పేరుతో డ్రాయింగ్ ఫోల్డర్లలోకి తనను తాను కాపీ చేసుకునే వైరస్‌లు ఉన్నాయి. సైట్ నుంచి పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఫోల్డర్ ఒక్కటి చాలు, ఆఫీసంతా అంటుకుంటుంది. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన ఫైలైతే రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అన్‌బ్లాక్ చేశాకే వాడండి.

2021 వెర్షన్ నుంచి లిస్ప్ యూనికోడ్‌కి మారింది. పాత లిస్ప్ లోడవుతోంది గానీ డిగ్రీ గుర్తు వంటివి చెడిపోతున్నా, అక్షరాల లెక్క తప్పుతున్నా లిస్ప్‌సిస్‌ని 0 చేసి ప్రోగ్రామ్ మూసి తెరవండి. మూయకపోతే మార్పు పట్టదు. వీబీఏ మ్యాక్రోలకు ఆ వెర్షన్ తాలూకు వీబీఏ మాడ్యూల్‌ని విడిగా దించుకుని వేయాలి.

డీఎల్‌ఎల్‌ల, అంటే డాట్‌నెట్‌లో రాసిన అదనపు టూల్స్ ఫైళ్ల, కథ వేరు. 2021 నుంచి 2024 దాకా లోపలి నంబరు ఆర్24.0 నుంచి ఆర్24.3. 2025 వచ్చేసరికి అది ఆర్25.0 అయింది, దాంతోపాటు పునాది కూడా డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 నుంచి డాట్‌నెట్ 8 కి మారింది. అందుకే 2024లో చక్కగా నడిచిన క్వాంటిటీ టూల్ 2025లో నెట్‌లోడ్ చేస్తే లోపం చూపించవచ్చు, లేదా లోడై మధ్యలో కూలవచ్చు. అప్లికేషన్ ప్లగిన్స్ ఫోల్డర్‌లో ఉండే బండిల్ అయితే అసలు శబ్దమే ఉండదు. ప్యాకేజ్ కంటెంట్స్ ఫైలులో సిరీస్‌మ్యాక్స్ ఆర్24.3 అని రాసి ఉంటే 2025 దాన్ని పట్టించుకోకుండా దాటిపోతుంది. నోట్‌ప్యాడ్‌లో ఆ నంబరు పెంచేస్తే సరిపోతుందనే చిట్కా చేతులు మారుతూ ఉంటుంది. అది గేటు తెరుస్తుందంతే, లోపలి కోడ్‌ని మార్చదు. సోర్స్ కోడ్ ఉన్నవారు డాట్‌నెట్ 8 కి మళ్లీ బిల్డ్ చేయాలి. లేదంటే రాసిచ్చిన మనిషిని పట్టుకోవాలి. ఆ మనిషి ఉద్యోగం మారి ఉంటే 2024నే ఇంకొంతకాలం నడపడం మేలు.

కనిపించకుండా మారేవి

బటన్ లేకపోతే ఎవరైనా అడుగుతారు. బటన్ ఉండి దాని వెనక ఫైలు మారితే ఎవరూ అడగరు, డ్రాయింగ్ సబ్మిషన్‌కి వెళ్లిపోతుంది. అప్‌గ్రేడ్‌లో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

మొదటిది డిజైన్ క్రైటీరియా ఫైలు. ఆఫీసులో ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) లెక్కలతో తయారుచేసుకున్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు ప్రోగ్రామ్‌డేటాలో పాత వెర్షన్ పేరున్న ఫోల్డర్‌లో, కారిడార్ డిజైన్ స్టాండర్డ్స్ కింద మెట్రిక్‌లో ఉంటుంది. ప్రోగ్రామ్‌డేటా దాచిన ఫోల్డర్, విండోస్‌లో హిడెన్ ఐటెమ్స్ చూపించమంటేనే కనిపిస్తుంది. కొత్త వెర్షన్‌లో అదే చోట ఆటోడెస్క్ ఇచ్చే ఆష్టో (అమెరికా రోడ్ల ప్రమాణాల) ఫైళ్లు ఉంటాయి. సూపర్ ఎలివేషన్ (వంపులో రోడ్డుకు ఇచ్చే అడ్డవాలు) విజార్డ్ మళ్లీ నడిపేటప్పుడు చూసుకోకపోతే దానితోనే లెక్క కట్టేస్తుంది. రుజువు చూసుకోవడం తేలిక. వేగం గంటకు 100 కిలోమీటర్లు, వ్యాసార్ధం 1000 మీటర్లు ఉన్న వంపు తీసుకోండి. ఐఆర్‌సీ సూత్రం ప్రకారం వేగం వర్గాన్ని 225తోనూ వ్యాసార్ధంతోనూ భాగిస్తే 4.44 శాతం వస్తుంది. విజార్డ్ వేరే అంకె చూపిస్తే ఫైలు తప్పు. సరైన ఫైలును సర్వర్‌లో వెర్షన్ పేరు లేని ఫోల్డర్‌లో పెట్టి, ప్రతి అలైన్‌మెంట్ ప్రాపర్టీస్‌లో డిజైన్ క్రైటీరియా ట్యాబ్‌లో ఆ దారి ఇవ్వండి.

రెండోది టెంప్లేట్. పాత డీడబ్ల్యూటీని కొత్త వెర్షన్‌లో తెరిచి అందులోనే సేవ్ చేసి, ఆప్షన్స్‌లో క్యూన్యూకి (కొత్త డ్రాయింగ్ తెరిచే కమాండ్‌కి) డిఫాల్ట్‌గా పెట్టాలి. పెట్టకపోతే పొరపాటున ఇంపీరియల్ టెంప్లేట్‌తో మొదలవుతారు. దాన్ని పట్టించేది చైనేజీ, అంటే రోడ్డు వెంట దూరం. 12+350 అని రావాల్సింది 123+50 అని వస్తే స్టేషన్ ఇండెక్స్ 1000కి బదులు 100 ఉందన్నమాట. కొందరు లేబుల్ స్టైల్ మార్చి సర్దేస్తారు. అలా చేయకండి, యూనిట్లే తప్పు. ఇండియా కంట్రీ కిట్ వాడేవారు ఆ వెర్షన్‌కి చెందిన కిట్‌నే వేయాలి. స్టైళ్లు మాత్రమే తప్పిపోతే మేనేజ్ ట్యాబ్‌లోని ఇంపోర్ట్‌తో పాత డ్రాయింగ్ నుంచి తెచ్చుకోవచ్చు.

టెంప్లేట్‌లోనే ఇంకో రెండు చూడండి. యాంబియెంట్ సెట్టింగ్స్‌లో డ్రైవింగ్ డైరెక్షన్ రోడ్డుకు ఎడమ అని ఉండాలి. కుడి అని ఉంటే జంక్షన్ విజార్డ్ అమెరికా పద్ధతిలో మలుపులు గీస్తుంది. కోఆర్డినేట్ జోన్ కూడా అంతే ముఖ్యం. హైదరాబాద్ యూటీఎమ్ 44 ఉత్తర జోన్‌లో పడుతుంది గానీ దాని పడమటి అంచున ఉంది. 78 డిగ్రీల రేఖాంశం దాటి పడమటికి వెళితే 43. జాతీయ రహదారి 65 మీద సంగారెడ్డి నుంచి జహీరాబాద్ వైపు వెళ్లే పనుల్లో సదాశివపేట చేరేలోపే ఆ గీత తగులుతుంది. ప్రాజెక్టు మొత్తానికి ఒకే జోన్ ఎంచుకుని ఉంటారు కాబట్టి, కొత్త టెంప్లేట్‌లో జోన్ ఖాళీగా ఉందేమో చూసి పాత డ్రాయింగ్‌లోని కోడ్‌నే పెట్టండి.

మూడోది పీకేటీలు. సబ్‌అసెంబ్లీ కంపోజర్‌లో చేసిన డ్రెయిన్, మీడియన్, సర్వీస్ రోడ్డు ముక్కల్ని ఇన్సర్ట్ ట్యాబ్‌లోని ఇంపోర్ట్ సబ్‌అసెంబ్లీస్‌తో ప్రతి మెషీన్‌లోనూ మళ్లీ తెచ్చుకోవాలి. ఒక్క మెషీన్‌లో మరచినా అక్కడ కారిడార్ (రోడ్డు 3డీ మోడల్) రీబిల్డ్ కాదు, ఈవెంట్ వ్యూయర్‌లో ఎర్ర గుర్తులు వరుసగా పడతాయి. అసలు పీకేటీ ఫైళ్లు దొరక్క తల పట్టుకునే ఆఫీసులే ఎక్కువ. అప్‌గ్రేడ్‌కి ముందే వాటిని ఒకచోట చేర్చి పెట్టుకోండి.

పైపుల క్యాటలాగ్, ప్లాన్ ప్రొడక్షన్ షీట్ టెంప్లేట్ల దారులు కూడా పాత వెర్షన్ ఫోల్డర్‌నే చూపిస్తుంటాయి. షీట్లు తీసేముందు ఒకసారి సరిచేస్తే చాలు.

అందరూ ఒకేరోజు మారాలి

డీడబ్ల్యూజీ ఫార్మాట్ పేరు 2018 దగ్గరే ఉంది గనుక పాతదానిలోనూ తెరుచుకుంటుందిలే అనుకోకండి. గీతలు, అక్షరాలు తెరుచుకుంటాయి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన కారిడార్, సర్ఫేస్ వంటివి పాతదానిలో ప్రాక్సీలుగా (మార్చడానికి వీల్లేని ఉత్త బొమ్మలుగా) మిగిలే ప్రమాదముంది. డేటా షార్ట్‌కట్లతో, అంటే ఒకరి డిజైన్‌ని మరొకరి డ్రాయింగ్‌లో రిఫరెన్సుగా వాడుకుంటూ, నడిచే ప్రాజెక్టులో ఒక్కరు కొత్తదానిలో సేవ్ నొక్కితే మిగతావారి రిఫరెన్సులు తెగుతాయి. ప్రాజెక్టు మొత్తాన్ని కాపీ తీసి, శనివారం సాయంత్రం అందరి మెషీన్లూ కలిపి మార్చండి. సబ్మిషన్ వారంలో ముట్టుకోవద్దు. పాత వెర్షన్ వాడే క్లయింట్‌కి పంపాలంటే అలైన్‌మెంట్, ప్రొఫైల్, సర్ఫేస్‌లను ల్యాండ్ ఎక్స్‌ఎంఎల్‌గా, షీట్లను ఎక్స్‌పోర్ట్ టు ఆటోక్యాడ్‌తో మామూలు డ్రాయింగ్‌గా ఇవ్వండి.

మారే ముందు పాత వెర్షన్‌లో ఒక కిలోమీటరు ముక్క ఎంచుకోండి. అందులో ఒక వంపు, ఒక జంక్షన్, ఒక కల్వర్టు ఉండాలి. దాని సూపర్ ఎలివేషన్ రిపోర్టు, ప్రతి 20 మీటర్లకు క్రాస్ సెక్షన్లు, కట్-ఫిల్ పరిమాణాలు పీడీఎఫ్‌గా తీసి దాచండి. కొత్త వెర్షన్‌లో అదే ముక్కను రీబిల్డ్ చేసి పక్కపక్కన పెట్టండి. సూపర్ ఎలివేషన్ ఒక్కటే తేడా వస్తే క్రైటీరియా ఫైలు చూడండి. పరిమాణాలు ఒక్కటే తేడా వస్తే పీకేటీ, కోడ్ సెట్, సర్ఫేస్ బౌండరీ అనే వరుసలో వెతకండి. అన్నీ సరిపోయాకే మిగతా కిలోమీటర్ల జోలికి వెళ్లండి.