పాయింట్ 22 రైఫిల్ లైసెన్సు: తిరుపతిలో ఎలా అప్లై చేయాలి, ఇంట్లో ఎంతవరకు ప్రాక్టీసు చేయొచ్చు

మిద్దె మీద టార్గెట్ పెట్టుకుని పాయింట్ 22తో (0.22 అంగుళాల చిన్న తూటా పేల్చే రైఫిల్) కాల్చుకోవచ్చా అని మా వీధి పిల్లలు తరచూ అడుగుతుంటారు. వద్దు నాయనా. చిన్న తూటానే కదా అనుకుంటారు గానీ గురి తప్పితే అది రెండు కిలోమీటర్ల దాకా పోగలదు, మా తిరుపతి కొర్లగుంటలో ఒక మిద్దె ఎక్కి చూస్తే ఆ దూరంలో ఎన్ని ఇళ్లున్నాయో మీకే తెలుస్తుంది. నిర్లక్ష్యంగా కాల్చి పక్కవాళ్ల ప్రాణం మీదికి తెస్తే ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు.

రైఫిల్ కొనుక్కునే దారి మాత్రం చట్టంలోనే ఉంది. కేంద్రం గుర్తించిన రైఫిల్ క్లబ్ లేదా అసోసియేషన్ సభ్యులు టార్గెట్ ప్రాక్టీసు కోసం పాయింట్ 22 అడిగితే, కాదనడానికి చట్టంలో చెప్పిన కారణం ఏదీ లేకపోతే, లైసెన్సు ఇవ్వాలని 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. అందుకే ముందు క్లబ్ మెంబర్‌షిప్ తీసుకోండి, ఆ తర్వాతే అప్లికేషన్. ఇది వదిలేసి ఆత్మరక్షణ కోసం అని రాస్తే అసలు బలమైన కారణాన్ని మీరే పోగొట్టుకున్నట్టు. వయసు 21 నిండాలి.

కేంద్ర హోం శాఖ వాళ్ల ఎన్‌డీఏఎల్-ఏలిస్ అనే ఆయుధ లైసెన్సుల పోర్టల్‌లో ఫారం ఏ-1 నింపాలి. ఫొటోలు, పుట్టిన తేదీ రుజువు, ఆధార్, చిరునామా రుజువు, ఒళ్లూ మనసూ ఆరోగ్యంగా ఉన్నాయని డాక్టరు ఇచ్చే ఎస్-3 సర్టిఫికెట్, తుపాకీ భద్రంగా దాచుకుంటానని ఎస్-2 హామీపత్రం జతచేయాలి. లైసెన్సు ఇచ్చేది జిల్లా కలెక్టర్, దానికి ముందు పోలీసు విచారణ ఉంటుంది.

ఇక్కడే నాకు దెబ్బ తగిలింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరయింది కదా, నా ఆధార్‌లో మాత్రం ఇంకా చిత్తూరు జిల్లా అనే ఉండిపోయింది, దాంతో ఫైలు వెనక్కొచ్చి మళ్లీ మొదటికి. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు వాళ్లు కూడా ముందే చిరునామా సరిచేయించుకోండి, తర్వాత టెన్షన్ ఉండదు.

లైసెన్సు 5 ఏళ్లు చెల్లుతుంది. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి, అదే చట్టం 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

ఇంట్లో సాధనకు గొట్టం లోపలి వెడల్పు (బోరు) 0.177 అంగుళాలు, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ దాటని ఎయిర్ రైఫిల్ (గాలి తుపాకీ) చాలు, దానికి లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల దూరం నుంచి కాల్చే టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, అది కొట్టడం నేర్చుకుంటే చాలా వచ్చినట్టే. పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) గట్టి గోడకు తగిలితే వెనక్కి ఎగురుతుంది, అందుకని పాత గుడ్డలు కుక్కిన పెట్టె, దాని వెనక ఇనుప రేకు పెట్టండి, ఆ వైపు వాకిలి గానీ కిటికీ గానీ ఉండకూడదు. పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లల చేతికివ్వొద్దు.

పాయింట్ 22 ఇంటికొచ్చాక తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన చేయండి, కానీ స్నాప్ క్యాప్ (మందు లేని డమ్మీ తూటా) పెట్టే నొక్కండి, లేకపోతే ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టే సూది) ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) అంచును కొట్టి పాడుచేస్తుంది. తూటాలు అప్పుడు వేరే గదిలో, తాళం కింద ఉండాలి. బారెల్ మీద రూపాయి బిళ్ల నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కండి, బిళ్ల పడకుండా వరసగా పదిసార్లు వచ్చేదాకా.