వేరే కారు చక్రాలు బిగించే ముందు నట్లు చూసుకోండి

పోయిన వారం మాకు తెలిసిన కుర్రాడి పాత స్విఫ్ట్‌కి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ముందు ఎడమ చక్రం ఊడిపోయింది. అదృష్టం, మనుషులకి ఏమీ కాలేదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న హోండా సిటీ అలాయ్ రిమ్ములు అవి, బిగించి నెల కూడా కాలేదు. హబ్ (చక్రాన్ని బిగించే ఇరుసు చివర) నేను చూశాను. దాని మీది నాలుగు స్టడ్లలో (నట్టు ఎక్కే బోల్టులు) రెండు విరిగిపోయాయి, మిగతా రెండిటికి థ్రెడ్ అరిగి నున్నబడింది. అలాయ్‌లో నట్టు కూర్చునే రంధ్రాలు కోడిగుడ్డులా సాగి ఉన్నాయి.

వానలకి ముందు చాలామంది టైర్లతో పాటు రిమ్ములూ మార్చేస్తున్నారు. టైరు గాలి, అలైన్‌మెంట్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను.

రంధ్రాలు కలిస్తే సరిపోదు

స్విఫ్ట్‌కీ సిటీకీ పీసీడీ 4×100, అంటే 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తం మీద నాలుగు స్టడ్లు. చక్రం ఎత్తి పెట్టగానే నాలుగు రంధ్రాలూ స్టడ్ల మీదికి వస్తాయి, షాపులో "పర్ఫెక్ట్ ఫిట్ అన్నా" అనేస్తారు. కానీ స్విఫ్ట్ హబ్ మధ్య బొడిపె 54.1 మిల్లీమీటర్లు, సిటీ రిమ్ము మధ్య రంధ్రం 56.1. ఆ సందులోకి హబ్ రింగ్ వేస్తేనే చక్రం సరిగ్గా మధ్యలో నిలుస్తుంది. రింగ్ లేకపోతే స్పీడులో స్టీరింగ్ వణకొచ్చు.

అసలు ప్రమాదం నట్టు

మారుతి నట్టు కొన కోసుగా, శంకువులా ఉంటుంది. హోండా కంపెనీ అలాయ్‌లో నట్టు కూర్చునే గుంట గుండ్రంగా ఉంటుంది. కోసు నట్టు గుండ్రటి గుంటలో సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. షాపులో నట్లు బిగించే గన్నుతో బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, కానీ కొంత దూరం తిరిగాక ఆ అంచు నలిగి పట్టు సడలుతుంది. చక్రాన్ని మోసేది స్టడ్డు కాదు, నట్టు బిగింపు వల్ల రిమ్ముకీ హబ్‌కీ మధ్య పుట్టే ఒత్తిడి. అది పోయాక రిమ్ము కదలడం మొదలవుతుంది, ఇక స్టడ్లు విరగడానికి ఎంతోసేపు పట్టదు.

సరే, హోండా నట్లే వేద్దామంటే అవి ఎం12×1.5 (12 మి.మీ. లావు, థ్రెడ్డు చుట్ల మధ్య దూరం 1.5 మి.మీ.), మారుతి స్టడ్లు ఎం12×1.25. రెండు చుట్లు ఎక్కి ఆగుతుంది, గన్ను పెట్టి తోస్తే థ్రెడ్ పోతుంది. కావాల్సింది 1.25 థ్రెడ్డుతో గుండ్రటి కొన ఉన్న నట్టు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడగండి. పాత నట్టూ, రిమ్మూ రెండూ చేతిలో పట్టుకెళ్లి చూపించండి.

తారుమారుగా కూడా జరుగుతుంది. బయట అమ్మే అలాయ్‌లలో గుంట దాదాపు ఎప్పుడూ కోసుగానే ఉంటుంది. సిటీ వాళ్లు కంపెనీ ఇచ్చిన గుండ్రటి నట్లతోనే వాటిని బిగిస్తే అదే ప్రమాదం. రిమ్ము మారితే నట్టు కూడా మారాలి. ఎన్నిసార్లు చెప్పినా ఇదే చెప్తాను.

పరీక్ష తేలిక. నట్టు కొనకి మార్కర్ పూసి, చేత్తో బిగించి విప్పండి. గుంటలో రంగు పట్టీలా వెడల్పుగా అంటుకుంటే నట్టు కూర్చుంది. సన్నటి గీత మాత్రమే ఉంటే ఆ చక్రంతో గేటు దాటకండి.

ఇక మిగతావి:

నట్టు మొదట చేత్తోనే ఎక్కాలి. 1.25 థ్రెడ్డు మీద తొమ్మిది పది చుట్లు, 1.5 మీద ఎనిమిది, అంతకంటే తగ్గకూడదు.

గన్నుతో ఆఖరి బిగింపు వద్దు. ఎదురెదురు నట్లు వరసగా, టార్క్ పానాతో (ఎంత బిగించామో లెక్క చూపే పానా), కారుతో వచ్చిన పుస్తకంలో ఉన్న లెక్కకి.

50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగింపు చూడాలి.

హబ్ మీది తుప్పు గీకేయండి. స్టడ్లకి నూనె, గ్రీజు రాయకండి.

ఫియట్ పాలియో రిమ్ము 4×98. దాన్ని 4×100 హబ్ మీద తోసి ఎక్కించే మెకానిక్‌లు ఉన్నారు. ఒప్పుకోవద్దు.

రంధ్రం పెద్దది చేయించొద్దు. వెల్డింగ్ చేసిన అలాయ్ కొనొద్దు.

రిమ్ము లోపల అంటించిన బ్యాలెన్సింగ్ సీసం బ్రేక్ క్యాలిపర్‌కి రాసుకుంటుందేమో చక్రం చేత్తో తిప్పి చూడండి.

వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, స్పీడ్ బ్రేకర్ ఎక్కించి దించండి. టైరు మడ్‌గార్డుకి తగిలితే ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందనే కొలత) కుదరలేదు. హబ్‌కీ రిమ్ముకీ మధ్య పెట్టే స్పేసర్లతో సర్దొద్దు.

రిమ్ములు మార్చినట్టు బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

పాత నట్లు పారేయొద్దు! డిక్కీలో స్టెప్నీ ఇనుప రిమ్ము, దానికి ఆ పాత నట్లే కావాలి. నాలుగూ సంచిలో కట్టి స్టెప్నీ పక్కనే పెట్టండి, దారిలో స్టెప్నీ బిగించే వాళ్లకి అవే ఇవ్వండి.

మెల్లగా పోతున్నప్పుడు చక్రం దగ్గర టక్ టక్ మని వినిపిస్తే ఇంటిదాకా పోనివ్వకండి. పక్కకి తీసి ఆపండి. పైనుంచి బిగించి బయల్దేరితే చాలదు, జాకీ ఎక్కించి నాలుగు నట్లూ విప్పి, గుంటలు చూశాకే కదలండి.