బ్రిటన్‌లో కార్గో వ్యాన్‌ను ‘మోటార్ క్యారవాన్’గా నమోదు చేయించుకోవడం: దరఖాస్తు విధానం

వ్యాన్ లోపల మంచం, స్టవ్ బిగించినంత మాత్రాన వి5సి లాగ్‌బుక్‌లో (వాహన రిజిస్ట్రేషన్ పత్రంలో) బాడీ టైప్, అంటే వాహన రకం, ‘మోటార్ క్యారవాన్’గా (నివాసానికి వీలైన క్యాంపర్‌గా) మారదు. దానికి బ్రిటన్‌లో వాహనాలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏకు దరఖాస్తు పెట్టాలి. అది ఆమోదం పొందుతుందా లేదా అన్నది మీరు కొన్న వ్యాన్ మీద చాలావరకు ఆధారపడుతుంది. అందుకే ఈ నిబంధనలు వ్యాన్ కొనకముందే చదవాలి.

డీవీఎల్‌ఏ మొదట చూసేది బయటి రూపం. రోడ్డు మీద వెళ్తుంటే చూసినవాళ్లు అది క్యాంపర్ అని గుర్తుపట్టాలి. ఒక పక్కన కనీసం రెండు కిటికీలు, నివాస భాగంలోకి వేరే తలుపు, రెండు వైపులా క్యాంపర్ తరహా గ్రాఫిక్స్, ఏదో ఒక పక్క ఆనింగ్ బార్ (నీడ కోసం బయటికి లాగే గుడ్డ పందిరిని బిగించే కడ్డీ), ఎత్తైన పైకప్పు ఉన్నాయా అని చూస్తారు. డ్రైవర్, ప్యాసింజర్ తలుపులను లెక్కలోకి తీసుకోరు. పైకి లేపే పాప్‌టాప్‌నూ ఎత్తైన పైకప్పుగా పరిగణించరు. కిటికీలు తర్వాతైనా పెట్టించుకోవచ్చు, గ్రాఫిక్స్ ఒక పూటలో అతికించుకోవచ్చు. పైకప్పు మార్చడం మాత్రం పెద్ద పని. కాబట్టి చవగ్గా వస్తోందని పొట్టి వ్యాన్ తీసుకోకండి. పక్కన జారుడు తలుపు ఉన్నది మేలు, దాని కిటికీ కూడా లెక్కలోకి వస్తుంది.

తుప్పు విషయంలో మొహమాటం వద్దు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ నంబర్ కొడితే ఎంఓటీ (వాహనాలకు ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) చరిత్ర ఉచితంగా కనిపిస్తుంది. అడ్వైజరీల్లో (పరీక్షలో రాసే హెచ్చరికల్లో) తుప్పు మాట పదే పదే వస్తుంటే ఆ వ్యాన్ వదిలేయండి. కార్గో భాగంలో నేల మీది ప్లైవుడ్ ఎత్తి చూపించమని అడగండి. ఇన్సులేషన్, చెక్క బిగించేశాక లోపలి తుప్పు కంటికి ఆనదు.

బరువు కూడా చూసుకోవాలి. 1997 జనవరి 1 నుంచి కారు టెస్టు పాసైనవారికి మామూలుగా సామాన్లు, మనుషులతో కలిపి గరిష్ఠ బరువు 3,500 కిలోల వరకు ఉన్న వాహనం నడపడానికే అనుమతి. 100 లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే 100 కిలోలు అక్కడే పోతాయి.

లోపల కూర్చోవడానికి సీట్లు, టేబుల్, పడక, వంట సదుపాయం, సామాన్ల అలమర ఉండాలి. అవి వ్యాన్‌కు గట్టిగా బిగించి ఉండాలి. టేబుల్ తీసి పెట్టుకునేదైనా పర్లేదు. వంటకు ఒక్క బర్నర్ లేదా మైక్రోవేవ్ చాలు.

పని పూర్తయ్యాక వి1006 చెక్‌లిస్ట్ నింపండి. వి5సిలో బాడీ టైప్ మార్పు రాసి, ఫొటోలు జతచేసి స్వాన్సీలోని డీవీఎల్‌ఏకు (ఎస్‌ఏ99 1బీఏ) పోస్టులో పంపండి. ఫొటోల్లో వ్యాన్ నాలుగు వైపులా, నంబర్ ప్లేటు, ఛాసిస్ నంబర్, లోపలి ఒక్కో సదుపాయం స్పష్టంగా కనిపించాలి. ఫీజు లేదు. పంపేముందు అన్నిటికీ కాపీలు ఉంచుకోండి.

బయటి రూపం చాలదని డీవీఎల్‌ఏ అనుకుంటే ‘కిటికీలున్న వ్యాన్’ వంటి మరో పేరుతో నమోదు చేస్తారు. దానికి టెన్షన్ పడక్కర్లేదు, అప్పుడు కూడా వ్యాన్‌ను క్యాంపర్‌గా వాడుకోవచ్చు. బాడీ టైప్ మారినా మారకపోయినా, చేయించిన మార్పులన్నీ ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పి తీరాలి.