జపాన్‌లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం: ఆఫర్ లెటర్ వచ్చాక చూసుకోవలసిన విషయాలు

జపాన్‌లో ఇంగ్లీషు బోధించే ఉద్యోగానికి ఆఫర్ లెటర్ రాగానే మనవాళ్ళలో చాలామంది మొదట చేసే పని నెల జీతాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోవడం. యెన్ విలువ కొంతకాలంగా యాభై, అరవై పైసల మధ్య తిరుగుతోంది కాబట్టి 2,30,000 యెన్‌లు అంటే లక్షా ముప్ఫై వేల రూపాయల దాకా కనిపిస్తుంది. హైదరాబాదులోనో గుంటూరులోనో ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్న టీచరుకు అది చాలా పెద్ద జీతం. అయితే ఆ అంకె ఒక్కటే మీ జీవితం అక్కడ ఎలా ఉంటుందో చెప్పదు. జీతం ఎవరిస్తున్నారు, ఏయే నెలలకు ఇస్తున్నారు, మధ్యలో మానేస్తే ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు దొరికేదాకా సంతకం చేయవద్దని కొత్తగా రాబోయే ప్రతి ఒక్కరినీ కోరుతున్నాను.

ముందుగా తెలుసుకోవలసింది అసలు యజమాని ఎవరన్నది. 1987లో మొదలైన జెట్ అనే జపాన్ ప్రభుత్వ పథకం కింద వచ్చేవారిని స్థానిక ప్రభుత్వాలు, వాటి విద్యా బోర్డులు నేరుగా నియమించుకుంటాయి. 2025 నుంచి మొదటి ఏడాది జీతం 40,20,000 యెన్‌లు, ఆ తరువాత నాలుగో ఏడాది దాకా ఏటా కొంత పెరుగుతుంది, గరిష్ఠంగా ఐదేళ్ళు కొనసాగవచ్చు. మన దేశం నుంచి ఎంపికయ్యేవారు చాలా తక్కువ కానీ, ఆ ఆఫర్ వచ్చినవారు షరతుల గురించి పెద్దగా బెంగపడనక్కరలేదు. జెట్ కాక, టోక్యోలో కోతో, ఎదొగావా వార్డుల పరిసరాల్లో భారతీయ పాఠశాలలు ఉన్నాయి. మన కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన నిషికసాయ్ ప్రాంతం కూడా అక్కడే ఉంది. బీఈడీ ఉండి సీబీఎస్‌ఈ అనుభవం ఉన్నవారికి అక్కడి ఉద్యోగం బాగా అనువుగా ఉంటుంది.

మిగిలిన ఆఫర్లలో ఎక్కువ భాగం రెండు రకాల సంస్థల నుంచి వస్తాయి. మొదటివి ఎయ్‌కైవా అని పిలిచే ప్రైవేటు సంభాషణా తరగతుల కేంద్రాలు. పిల్లలు బడి నుంచి, పెద్దలు ఆఫీసుల నుంచి తిరిగి వచ్చాకే అక్కడ పాఠాలు మొదలవుతాయి కాబట్టి పని మధ్యాహ్నం నుంచి రాత్రి తొమ్మిది దాకా, శని ఆదివారాల్లో కూడా ఉంటుంది. వీటిలో పెద్ద పేరున్న సంస్థ అయినంత మాత్రాన భద్రత ఉందనుకోకూడదు. అప్పట్లో అన్నిటికంటే పెద్దదైన నోవా 2007 అక్టోబరులో అప్పులవాళ్ళ నుంచి కోర్టు రక్షణ కోరినప్పుడు, వేల మంది విదేశీ టీచర్లు రావలసిన జీతం అందక, కొందరు ఇంటి అద్దె కూడా కట్టుకోలేక ఇబ్బంది పడ్డారు.

రెండో రకం, ప్రభుత్వ బడులకు సహాయక ఇంగ్లీషు టీచర్లను పంపే కంపెనీలు. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. మీరు రోజూ వెళ్ళేది ఊరి ప్రాథమిక పాఠశాలకు, మీకు జీతమిచ్చేది మాత్రం వేరే నగరంలో ఉన్న ఒక కంపెనీ. విద్యా బోర్డుకూ ఆ కంపెనీకీ మధ్య ఒప్పందం చాలా చోట్ల ఏటా టెండరు మీద నడుస్తుంది. తక్కువ ధర చెప్పినవారికి పని దక్కుతుంది కాబట్టి ఆ ధర తగ్గినకొద్దీ టీచరు జీతం మీద ఒత్తిడి పెరుగుతుంది. బడి సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది, మార్చిలో టెండరు చేయి మారితే పిల్లలు, హెడ్మాస్టరు మిమ్మల్ని ఎంత మెచ్చుకున్నా మీ స్థానం పోవచ్చు. ఈ ఒప్పందాల్లో హకెన్ అనే పద్ధతిలో బడిలోని టీచరు మీకు నేరుగా పని చెప్పవచ్చు. గ్యోము ఇతకు అనే కాంట్రాక్టు పద్ధతిలో చెప్పకూడదు, సూచనలన్నీ కంపెనీ ద్వారానే రావాలి. ఒకే తరగతి గదిలో పక్కపక్కన నిలబడి పాఠం చెప్పే ఇద్దరికి ఇది ఎంత ఇబ్బందో ఊహించవచ్చు. మీది ఏ పద్ధతో ఇంటర్వ్యూలోనే సూటిగా అడగండి. జవాబు దాటవేస్తే అదే ఒక జవాబు అనుకోవచ్చు.

మనవారికి ప్రత్యేకంగా వర్తించే చిక్కు వీసా దగ్గర వస్తుంది. బడుల్లో సహాయక టీచరుగా పనిచేసేవారికి ఇచ్చే బోధకుల హోదాకు (హోదా అంటే జపాన్‌లో ఉండి ఫలానా పని చేయడానికి ఇచ్చే అనుమతి) డిగ్రీతో పాటు, ఏ భాష బోధించబోతున్నారో ఆ భాషా మాధ్యమంలో కనీసం పన్నెండేళ్ళు చదివి ఉండాలన్న నియమం ఉంది. ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివినవారికి డిగ్రీతో కలిపి పదిహేనేళ్ళు అవుతాయి కాబట్టి వారికి ఇబ్బంది లేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటరు, డిగ్రీ, ఎంఏ ఇంగ్లీషులో చేసినవారికి ఏడేళ్ళే వస్తాయి. వారు ఎంత చక్కగా ఇంగ్లీషు బోధించగలిగినా ఈ లెక్క దగ్గర ఆగిపోతారు. నాకు ఇది న్యాయంగా అనిపించదు, అయినా నియమం నియమమే కాబట్టి కంపెనీకి మీ చదువు వివరాలు ఉన్నదున్నట్టు చెప్పి, వీసాకు సరిపోతుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. చదివిన ప్రతి బడి నుంచి, కాలేజీ నుంచి ఏ మీడియంలో చదివారో తెలిపే సర్టిఫికెట్లు తీసుకోవాలి. మూతపడిన కాన్వెంటులో చదివినవారికి ఇది వారాల పని కావచ్చు, ఆఫర్ కోసం ఎదురు చూడకుండా ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది. ఎయ్‌కైవా కేంద్రాలకు వచ్చేవారికి ఇచ్చే హోదా వేరు. తరువాత ఎయ్‌కైవా వదిలి బడికి మారాలన్నా, బడి వదిలి ఎయ్‌కైవాకు మారాలన్నా ఇమిగ్రేషన్ కార్యాలయంలో హోదా మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి. టూరిస్టు వీసా మీద వచ్చి పని మొదలుపెట్టండి, తరువాత చూసుకుందాం అని ఎవరైనా అంటే ఆ మాటతోనే సంభాషణ ముగించండి. అలా పనిచేయడం చట్టవిరుద్ధం, దాని ఫలితం అనుభవించవలసింది మీరే.

ఆఫర్ లెటర్ వేరు, పని షరతుల నోటీసు వేరు. రోదో జోకెన్ త్సూచిషో అనే ఈ నోటీసులో ఒప్పంద కాలం, పని స్థలం, పని వేళలు, జీతం లెక్కగట్టే విధానం, జీతం ఇచ్చే తేదీ, ఉద్యోగం ముగిసే పద్ధతి రాసి ఇవ్వాలని జపాన్ కార్మిక ప్రమాణాల చట్టం నిర్దేశిస్తోంది. ఇది మీరు బతిమాలుకుని తీసుకోవలసిన కాగితం కాదు, మీకు హక్కుగా రావలసిన కాగితం. ఇందులో ముందుగా జీతం ఉన్న వరుస కాకుండా దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే వివరణ చదవండి. బడులకు పంపే కంపెనీల ఒప్పందాల్లో తరగతులు లేని నెలలకు, అంటే ఆగస్టుకు, శీతాకాలపు సెలవులకు, మార్చి చివరికి జీతం తగ్గించే షరతు తరచుగా కనిపిస్తుంది. 2,30,000 అని రాసిన చోట ఆగస్టులో సగమే ఇస్తే ఆ నెల వచ్చేదాంట్లో ఇంటి అద్దెకు, బీమా కోతలకు పోగా మిగిలేది చాలా తక్కువ. కాబట్టి నెల జీతం ఎంతని అడగకుండా, ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు నెలలకు ఒక్కో నెల ఎంత వస్తుందో రాసివ్వమని అడగండి.

తరువాత చూడవలసింది వారానికి పని గంటలు. చాలా ఒప్పందాల్లో 29.5 గంటలు అని రాసి ఉంటుంది. ఆ అరగంట యాదృచ్ఛికం కాదు. పూర్తికాల ఉద్యోగి పని గంటల్లో నాలుగింట మూడు వంతులు, అంటే నలభైకి ముప్ఫై గంటలు పనిచేసేవారిని షకై హోకెన్ అనే సామాజిక బీమాలో చేర్చాలి. దానిలో సగం వాటా కంపెనీ కట్టాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి పాటించిన ఒడుపే ఇది. 2024 అక్టోబరు నుంచి యాభై మందికి మించి ఉద్యోగులున్న సంస్థల్లో వారానికి ఇరవై గంటలు, అంతకు మించి పనిచేసేవారిలో ఎక్కువమందికి ఈ బీమా వర్తిస్తోంది కాబట్టి పెద్ద కంపెనీల్లో ఈ ఒడుపు పనికిరాకుండా పోయింది, చిన్న సంస్థల్లో ఇంకా ఉంది. బీమాలో చేర్చని కంపెనీ చెప్పే జీతం ఎక్కువగా కనిపిస్తుంది. కానీ అప్పుడు ఊరి కార్యాలయంలో జాతీయ ఆరోగ్య బీమా, నెలకు పదిహేడు వేల యెన్‌లకు పైనుండే జాతీయ పెన్షన్ చందా మొత్తం మీరే కట్టుకోవాలి. బోధనా గంటలను మాత్రమే పని గంటలుగా లెక్కించి, పాఠం తయారు చేసుకునే సమయాన్ని, బడిలో ఖాళీగా కూర్చోవలసిన సమయాన్ని లెక్కలో చూపని ఒప్పందాలు కూడా ఉన్నాయి. అందుకని బడిలో ఎన్నింటికి ఉండాలి, ఎన్నింటికి బయలుదేరవచ్చు అని గడియారం లెక్కన అడగండి.

కోతల సంగతికి వస్తే, 2,30,000 యెన్‌ల జీతంలో పెన్షన్‌కు దాదాపు ఇరవై రెండు వేలు, ఆరోగ్య బీమాకు పన్నెండు వేలు, ఆదాయపు పన్నుకు, ఉపాధి బీమాకు కలిపి అయిదారు వేలు పోతాయి. చేతికి లక్షా తొంభై వేలు రావచ్చు. రెండో ఏడాది జూన్ నుంచి, ముందటి ఏడాది ఆదాయం మీద స్థానిక నివాస పన్ను మొదలవుతుంది. నెలకు ఎనిమిది, తొమ్మిది వేలు ఉంటుంది, ఇది తెలియక రెండో ఏడాది జీతం తగ్గిందని కంగారుపడేవారు చాలామంది. పెన్షన్‌కు కట్టినది పూర్తిగా పోయినట్టు కాదు. దేశం విడిచి వెళ్ళాక రెండేళ్ళలోగా దరఖాస్తు చేసుకుంటే కొంత ఏకమొత్తంగా తిరిగి వస్తుంది, దానికి గరిష్ఠంగా ఐదేళ్ళ చందా వరకే లెక్కిస్తారు. 2016 అక్టోబరు నుంచి భారత్, జపాన్‌ల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం అమల్లో ఉన్నందున రెండు దేశాల చందా కాలాన్ని కలిపి లెక్కించుకునే వీలుంది. ఏకమొత్తం తీసుకున్న కాలానికి మాత్రం ఆ వీలు పోతుంది, కనుక వెళ్ళేటప్పుడు తొందరపడి సంతకం చేయకుండా ఏది లాభమో చూసుకోవాలి.

మన ఐటీ కంపెనీల్లో బాండు రాయించుకోవడం మామూలు కాబట్టి, ఏడాది లోపల మానేస్తే ఇంత కట్టాలన్న షరతు చూసి మనవారు పెద్దగా ఆశ్చర్యపోరు. జపాన్‌లో అలా ముందే జరిమానా మొత్తం రాసుకోవడాన్ని కార్మిక ప్రమాణాల చట్టం పదహారో నిబంధన నిషేధించింది. అటువంటి షరతు ఉన్న ఒప్పందం పంపిన కంపెనీ మిగతా చట్టాన్ని ఎంత గౌరవిస్తుందో మీరే ఆలోచించండి. అలాగని మధ్యలో మానేయడం తేలిక అనుకోకూడదు. ఏడాది ఒప్పందాన్ని గడువుకు ముందు వదలాలంటే తగిన కారణం ఉండాలి, ఏడాది దాటిన తరువాత ఆ బంధం సడలుతుంది. ఉద్యోగం మారితే పద్నాలుగు రోజుల్లో ఇమిగ్రేషన్ వారికి తెలపాలి, సరైన కారణం లేకుండా మూడు నెలలు ఆ హోదాకు తగిన పని చేయకుండా ఉంటే హోదా రద్దు చేసే అధికారం వారికి ఉంది. కంపెనీ మిమ్మల్ని తొలగించాలంటే ముప్ఫై రోజుల ముందు చెప్పాలి, లేదా ఆ మేరకు జీతం ఇవ్వాలి. ఆరు నెలలు సక్రమంగా పనిచేస్తే పది రోజుల వేతన సెలవు మీ హక్కు. ఏ రోజున తీసుకోవాలో ముందుగానే అన్నీ కంపెనీయే నిర్ణయించే ఒప్పందమైతే అభ్యంతరం చెప్పండి.

ఉద్యోగం పల్లె ప్రాంతంలో అయితే కారు ప్రశ్న తప్పకుండా వస్తుంది. మన దేశంలో తీసుకున్న అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌తో గరిష్ఠంగా ఏడాది నడపవచ్చు. ఆ తరువాత జపాన్ లైసెన్సుకు మార్చుకోవాలంటే, మినహాయింపు ఉన్న దేశాల జాబితాలో భారత్ లేనందున రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ రాయాలి. కారు అద్దె, పెట్రోలు, బీమా ఎవరు భరిస్తారో ఒప్పందంలో ఉండాలి. ఇంటి విషయంలోనూ అంతే. కంపెనీ ఇల్లు చూపితే దాని అద్దె జీతంలో కోస్తారా, ఉద్యోగం పోతే ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలి అని అడగాలి. సొంతంగా తీసుకుంటే షికికిన్ అనే డిపాజిట్టు, తిరిగిరాని రెయ్‌కిన్, జామీను సంస్థకు, ఏజెంటుకు ఇచ్చే రుసుము కలిపి మూడు నుంచి ఐదు నెలల అద్దెంత మొదటి రోజే కావాలి. యూఆర్ అనే ప్రభుత్వ గృహ సంస్థ అద్దె ఇళ్ళకు రెయ్‌కిన్ గానీ జామీను గానీ అక్కరలేదు, దగ్గరలో ఉంటే ముందుగా అవే చూడండి.

ఉద్యోగం ఇప్పిస్తామని ఇక్కడి కన్సల్టెన్సీ లక్షలు అడిగితే ఇవ్వవద్దు. మన 1983 వలస చట్టం కింద నమోదైన ఏజెంటు తీసుకోగల సేవా రుసుము పన్నులు కాక ముప్ఫై వేల రూపాయలే. నమోదు ఉందో లేదో విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

చేస్తున్న ఉద్యోగానికి రాజీనామా ఎప్పుడివ్వాలన్నది ఆఖరి నిర్ణయం. కంపెనీ జపాన్‌లో మీ తరఫున దరఖాస్తు చేసి అర్హతా ధ్రువపత్రం తెప్పించాలి, దానితో రాయబార కార్యాలయంలో వీసాకు దరఖాస్తు చేయాలి. ఆ పత్రం మూడు నెలలే చెల్లుతుంది. వీసా పాస్‌పోర్టులో పడేదాకా రాజీనామా చేయకండి, విమానం టికెట్టు కొనకండి. మొదటి జీతం పని మొదలుపెట్టిన నెల తరువాతి నెలాఖరుకు వచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి కాబట్టి ఇంటి ఖర్చు కాక కనీసం రెండు నెలల భోజనానికి, ప్రయాణాలకు డబ్బు వెంట తెచ్చుకోవాలి. ఇల్లు కుదిరిన పద్నాలుగు రోజుల్లో నివాస కార్డుతో ఊరి కార్యాలయానికి వెళ్ళి చిరునామా నమోదు చేయించుకోండి. పనిలో చేరాక షరతులు మారితే ఈ కాగితాలన్నీ పట్టుకుని కార్మిక ప్రమాణాల తనిఖీ కార్యాలయానికి వెళ్ళవచ్చు, ఒసాకాలో జనరల్ యూనియన్, టోక్యోలో తోజెన్ వంటి సంఘాలు విదేశీ టీచర్ల తరఫున మాట్లాడతాయి. ఇంటర్వ్యూలో నోటిమాటగా ఇచ్చిన హామీలను కూడా అదే రోజు మెయిల్‌లో రాసి, అవునని జవాబు తెప్పించుకుని దాచుకోండి. ఆ కార్యాలయాల్లో అటువంటి కాగితమే పనికి వస్తుంది.